ఇంటికి తేవలసినవాళ్ళు

ఆదికేశవులు గారిని చంపడానికి వాళ్ళకు పట్టింది నాలుగు సెకన్లు.

ఉదయం ఎనిమిదీ పది. మైలాపూరు ఎమ్మార్టీఎస్ స్టేషన్. రైలు ఆగింది, జనం తోసుకున్నారు, ఎవడి చేతిలోనో ఉన్న పెన్ను మొన ఆయన మోచేతికి గుచ్చుకుంది. "సారీ సార్" అన్నాడు వాడు. "పర్వాలేదప్పా" అన్నారాయన. అదే ఆఖరి మాట. ప్లాట్‌ఫారం మెట్ల మీద కూర్చున్నారు, కూర్చున్నట్టే పోయారు. పెద్దాయనకు ఆయాసం వచ్చిందేమోనని పక్కన పూలమ్ముకునే ఆమె పది నిమిషాలు అట్టముక్కతో విసిరింది కూడా.

అరవై రెండేళ్ళ ఆదికేశవులు గూఢచారి శాఖలో సెక్షన్-నైన్ చీఫ్. చెన్నైలో ఆ సెక్షన్ ఒకటుందని తెలిసినవాళ్ళు పాతికమంది ఉంటారు. నాలుగేళ్ళుగా ఆయనకొక అలవాటు. శత్రువుల గుంపులో చేరి మనకు కబుర్లు పంపే మనుషుల పేర్లు కాగితం మీద పెట్టేవారు కాదు, కంప్యూటర్లో పెట్టేవారు కాదు. "కాగితం దొరుకుతుంది, కంప్యూటర్ వాగుతుంది. నా బుర్ర రెండూ చెయ్యదు" అనేవారు. నిజమే, ఆ బుర్ర చివరిదాకా వాగలేదు. పోతూ పోతూ పేర్లన్నీ తనతోపాటే మూటగట్టుకుపోయింది.

వాటిలో ఒక పేరు ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు లోపల వెంకట్రామ్‌కు కావలసి వచ్చింది.

* * *

సౌకార్‌పేటలో జిప్పులూ బొత్తాలూ హోల్‌సేల్‌గా అమ్మే కొట్టు. గల్లాపెట్టె దగ్గర ముసలాయన తలెత్తకుండా అడిగాడు.

"ఏం కావాలి?"

"కోటుకు ఏడు బొత్తాలు. ఎనిమిదోది విరిగినా పర్వాలేదు" అన్నాడు వెంకట్రామ్.

"విరిగినవి పైన ఉంటాయి."

మూడో బీరువా తలుపు తీస్తే మెట్లు. మెట్ల పైన సెక్షన్-నైన్. డిప్యూటీ చీఫ్ మంగళ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగా ఉంది.

"కూర్చో వెంకట్రామ్. ఏడవాల్సింది నేను ఏడ్చేశాను. నీ వంతు సాయంత్రం."

"చెప్పండి మేడమ్."

"ఊరికి ఉత్తరాన, మనలిలో ఒక కెమికల్ ప్లాంట్. అమ్మోనియా ట్యాంకు. ఎనిమిది వేల టన్నులు. ఇవాళ సరిగ్గా పన్నెండింటికి దాని వాల్వులు తెరుచుకుంటాయి. గాలి ఇళ్ళవైపు వీస్తోంది. కోబాల్ట్ రింగ్ ముఠా పని. కంట్రోల్ సాఫ్ట్‌వేర్ మార్చేశారు."

"కరెంట్ తీసేస్తే?"

"తెరుచుకుంటుంది."

"నెట్‌వర్క్ కోసేస్తే?"

"తెరుచుకుంటుంది. సైరన్ మోగించి జనాన్ని తరలించబోతే ముందే తెరుస్తారు. రింగ్‌లో ఉన్న మన మనిషి నిన్న సాయంత్రం చీఫ్‌కు పంపిన కబురు ఇది. ఎవరా మనిషి అని అడిగాను. పొద్దున వచ్చి చెప్తానన్నారు."

ఇద్దరూ చీఫ్ ఖాళీ కుర్చీ వైపు చూశారు.

"ఆ సాఫ్ట్‌వేర్ ఎవరు రాశారు?" అన్నాడు వెంకట్రామ్.

"రంజని."

నాలుగేళ్ళుగా ఆ పేరు అతని ఎదుట ఎవరూ ఎత్తలేదు. అతను టీ గ్లాసు పట్టుకున్నాడు, కానీ తాగలేదు.

"అందుకే నువ్వు" అంది మంగళ. "ఆమె కోడ్ చదవగలిగినవాడివి నువ్వొక్కడివే. గేటు బయట వాటర్ ట్యాంక్ మీద సెంథిల్ రైఫిల్‌తో ఉంటాడు. ఆమె చేతిలో రిమోట్ ఉండొచ్చు గనక బయటికొస్తే కాలుస్తాడు. వాడు ఆమెను ఎప్పుడూ చూడలేదు. గుర్తు నువ్వు చెప్పాలి. పదకొండూ యాభైకి వాడి రేడియో ఆపేస్తాం, ఇంకా ఉంచితే రింగ్ ఆ లైను పట్టేస్తుంది. ఆ తరవాత వాడికి నేను చెప్పినా వినపడదు."

"అర్థమైంది."

"వెంకట్రామ్, ఆమె నీ పెళ్ళాం."

"ఒకప్పుడు."

* * *

రంజని చెన్నై వ్యాసర్పాడి పిల్ల. వాళ్ళ తాతముత్తాతలు ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఆడే పాతుకుపోయిన తెలుగువాళ్ళు. వాళ్ళమ్మ ఆదిలక్ష్మి వంటింట్లో డబ్బాలన్నీ కొట్లవాళ్ళు పారేసినవే. బిస్కెట్ డబ్బాలు, పాలపొడి డబ్బాలు. పైన బొమ్మ ఒకటి, లోపల సరుకు ఇంకొకటి. అందుకని ఆదిలక్ష్మి ప్రతి డబ్బాకూ అన్నం మెతుకులతో ఒక చీటీ అంటించేది. ఆమెకు చదువు రాదు. తను చెప్పేది, రంజని రాసేది. చీటీ మీద సరుకు పేరు ఉండదు, పని పేరు ఉంటుంది. 'చారుకు.' 'బిడ్డ కడుపునొప్పికి.' 'చుట్టాలొస్తేనే.' 'తాకితే చేతులిరగ్గొడతా.'

ఆ పిల్ల ఇంజనీరింగ్ చదివి, సెక్షన్-నైన్‌లో చేరి, కోడ్ కూడా అట్లాగే రాసింది. పక్క సీట్లో కూర్చున్న వెంకట్రామ్‌ను పెళ్ళి చేసుకుంది గానీ, అతను పెట్టే పేర్లతో మాత్రం ఒక్కరోజు కాపురం చెయ్యలేకపోయింది.

"ఎర్ర-బటన్ అని పెట్టావేంది మామా? రేపు దానికి నీలం పూస్తే పేరు అబద్ధమైపోదా? అది ఏం చేస్తాదో ఆ పేరు పెట్టు. రంగు ఈ పూట ఉంటాది, రేపు పోతాది."

"రేపటి సంగతి రేపు చూద్దాంలే."

"x అంట, x1 అంట, టెంప్ అంట, ఫైనల్-2 అంట! మీ ఊళ్ళో బర్రెలకు కూడా ఇంతకన్నా మంచి పేర్లుంటాయి కదా."

అతను నవ్వేవాడు. నవ్వడానికి బాగానే ఉండేది, కొలంబో ఆపరేషన్ దాకా.

ఆ ఆపరేషన్‌లో రెండు జాబితాలున్నాయి. ఒకటి, వెంటనే తప్పించి తీసుకురావలసిన మన ఏజెంట్లది. రెండోది, శత్రువును తప్పుదారి పట్టించడానికి కావాలని లీక్ చెయ్యాల్సిన ఉత్తుత్తి మనుషులది. వెంకట్రామ్ హడావుడిలో వాటికి లిస్ట్-1, లిస్ట్-2 అని పేర్లు పెట్టి ఎయిర్‌పోర్టుకు పరిగెత్తాడు. సీట్లో రంజని ఉంది. లీక్ చెయ్యడానికి నలభై సెకన్ల టైం ఉంది. ఏది ఏదో చెప్పేవాళ్ళు లేరు. లోపల ఉన్నవన్నీ మారుపేర్లు, పైన పెట్టిన పేర్లు ఏమీ చెప్పలేదు. ఆమె లిస్ట్-2 పంపింది.

అది నిజం మనుషులది. అయిదుగురు ఎట్లాగో తప్పించుకున్నారు. ఆరోవాడు తప్పించుకోలేదు. వాడి పేరు ముత్తురాజ్. రంజని తమ్ముడు.

"పంపింది ఎవరు?" అని ఎంక్వయిరీలో అడిగారు. "నేనే" అంది రంజని. ఆ పేర్లు పెట్టింది ఎవరని మాత్రం ఎవరూ అడగలేదు. అడగనిదానికి జవాబెందుకని వెంకట్రామ్ తల వంచుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఆమె బట్టలు సర్దుకుంటూ ఒకే మాట అడిగింది. "'ఇంటికి తేవలసినవాళ్ళు' అని పెట్టుంటే ఏం పోయేది మామా? అంత పొడుగు పేరు కొట్టేదానికి నీ చేతులు నొచ్చాయా?"

ఆరు నెలల తరవాత ఆమె కోబాల్ట్ రింగ్‌లో చేరిందని తెలిసింది. ఉద్యోగం పోయింది, తమ్ముడు పోయాడు, పగబట్టింది అనుకున్నారంతా. అందరికన్నా ముందు నమ్మినవాడు వెంకట్రామే. ఆమె ద్రోహి అయితే అతని తప్పు చిన్నదైపోతుంది. అందుకని ఆ నమ్మకం అతనికి హాయిగా ఉండింది.

* * *

పదకొండూ ఇరవై. ప్లాంట్ కంట్రోల్ రూం.

వెంకట్రామ్ ఒంటి మీద ఖాకీ చొక్కా, జేబు మీద 'ప్రభాకరన్, ఏసీ మెకానిక్' అన్న బ్యాడ్జి, చెవిలో వినికిడి మిషన్. మిషన్‌లో మంగళ గొంతు. చేతిలో ఉన్నది చూడ్డానికి మల్టీమీటర్, కానీ ఏ కంప్యూటర్‌కు తగిలించినా లోపలి కోడంతా తన బుల్లి తెర మీద చూపిస్తుంది.

ఆపరేటర్లను సేఫ్టీ డ్రిల్ పేరుతో క్యాంటీన్‌కు పంపేశారు. గదిలో మిగిలింది ఇద్దరే. ఒకడు వాల్టర్, 'విదేశీ సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్'. పొడుగు మనిషి, చల్లని కళ్ళు. రెండో మనిషి నీలి షిఫాన్ చీరలో, తలమీదికి నెట్టుకున్న నల్ల కళ్ళద్దాలతో, ఏ ఫైవ్ స్టార్ హోటల్ లాంజ్‌లోంచో నేరుగా నడిచొచ్చినట్టుంది.

రంజని. కొంచెం చిక్కింది.

వెంకట్రామ్ ఏసీ పెట్టె వెనక్కి వంగాడు. చెవిలో మంగళ, "కనిపించిందా?"

"కనిపించింది."

"ఏం చేస్తోంది? చేస్తున్న పని చెప్పు."

చేస్తున్న పని అతను చూస్తూనే ఉన్నాడు. వాల్టర్ కీబోర్డు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె మధ్యలోకి జరుగుతోంది. లాక్ పడబోయిన స్క్రీన్‌ను రెండుసార్లు మౌస్ కదిపి తెరిచే ఉంచింది. ఆపరేటర్ కుర్చీని ఏసీ మెకానిక్ వైపు తిప్పి పెట్టింది. అవన్నీ చెప్పాలంటే ఆమెను మనిషిగా చూడాలి. కనీసం పేరు పలకాలి.

"నీలి చీర" అన్నాడు. "అంతే. సెంథిల్‌కు చెప్పండి. నీలి చీర."

"నోటెడ్. పదకొండూ ముప్పై ఒకటి."

పదకొండూ నలభై ఎనిమిదికి వాల్టర్ వాచీ చూసుకుని కోటు తగిలించుకున్నాడు. మెకానిక్ వైపు వేలు చూపి, వీడి సంగతేమిటని ఇంగ్లీషులో అడిగాడు.

"చెవిటివాడు" అంది రంజని, అదే భాషలో. "లోపలే పెట్టి తాళం వేసేద్దాం. ఇంకో పది నిమిషాల్లో వాడు ఎవరికీ ఏమీ చెప్పలేడు."

వాల్టర్ నవ్వాడు. రంజని మెకానిక్ దగ్గరికి వచ్చి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు అరిచి చెప్పింది.

"ఏమప్పా! పని ముగిసేదాకా ఈడనే ఉండు. ఊరికే రంగు చూసి చెయ్యి పెట్టేవు. మా అమ్మ డబ్బాలు తెలుసు కదా? చీటీ చదువుకో ముందు!"

ఆమె కళ్ళు ఒక్క క్షణం అతని మీద నిలిచాయి. తనను గుర్తుపట్టింది. గుర్తుపట్టి, వెక్కిరించి, చావడానికి వదిలేసి పోతోంది. గాజు తలుపు మూసుకుంది, బయట తాళం పడింది.

అతను కుర్చీలోకి దూకి మల్టీమీటర్ తగిలించాడు.

పేర్లన్నీ పీకేసిన కోడ్. a, b, c, aa, ab. వేల లైన్లు. అర్థమయ్యే పేరు ఒక్కటి కూడా ఉండకూడదని వాల్టర్ ఆర్డరేమో. ఏ ముక్క ఏం చేస్తుందో దేవుడికి కూడా తెలియదు. రంజని పని కాదిది, తన పనిలాగా ఉంది.

"స్క్రీన్ మీద ఏముంది?" మంగళ.

"రెండు బటన్లు. పచ్చది స్టాప్. ఎర్రది ఓపెన్."

"అయితే పచ్చది నొక్కు! ఏం చూస్తున్నావు?"

పదకొండూ యాభై అయిదు. వేలు మౌస్ మీదికి వెళ్ళింది. పచ్చ రంగు. స్టాప్ అన్న అక్షరాలు. పైన బొమ్మ బిస్కెట్‌ది...

వేలు ఆగిపోయింది.

చీటీ చదువుకో ముందు.

కోడ్‌లో చీటీలన్నీ పీకేశారు. కానీ ప్రతి స్క్రీన్‌కూ ఇంకో ఫైల్ ఉంటుంది, స్టైల్‌షీట్. ఏ బటన్‌కు ఏ రంగు, ఎంత సైజు, ఏ మూల పెట్టాలి, అంతా అందులో రాస్తారు. ఉత్త అలంకారాల చిట్టా కదా అని వాల్టర్ లాంటివాళ్ళు దాని జోలికి పోరు. వెంకట్రామ్ అది తెరిచాడు.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. వాల్టర్ మనుషులు చూసినా పిచ్చి అక్షరాలనుకుని వదిలేసి ఉంటారు.

పచ్చ బటన్ అసలు పేరు, 'ట్యాంకు-తెరుస్తుంది'.

ఎర్ర బటన్ పేరు, 'ట్యాంకు-ఇంకా-తొందరగా-తెరుస్తుంది'.

కింద మూడో బటన్ ఒకటుంది. దానికి రంగు లేదు, అక్షరాలు లేవు, గాజులా పారదర్శకం. చోటు, కుడివైపు అడుగున, కంపెనీ లోగో మీద. పేరు మాత్రం రైలంత పొడుగు. 'చివరి-పది-సెకన్లలో-నొక్కితేనే-అన్నీ-మూస్తుంది'.

దాని కింద నాలుగో పేరు. అది ఏ బటన్‌దీ కాదు. రంగు లేదు, సైజు లేదు, బ్రాకెట్ల మధ్య ఏమీ లేదు. ఉత్త పేరే.

'ఇంటికి-తేవలసినవాళ్ళు'.

వెంకట్రామ్‌కు ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. ఆదికేశవులు బుర్రలోని పేరు ఏదో తెలిసింది. నిన్న సాయంత్రం కబురు పంపింది ఎవరో తెలిసింది. ఉద్యోగం పోయి, తమ్ముడు పోయి, పగబట్టిన మనిషి. రింగ్ కళ్ళు మూసుకుని చేర్చుకునే మనిషి. పెద్దాయన ఆమె అవమానాన్నే ఆమెకు వేషంగా తొడిగి పంపారు.

"మేడమ్! సెంథిల్‌ను ఆపండి! రంజని మన మనిషి. చీఫ్ సోర్స్ ఆమే!"

"ప్రూఫ్?"

"ఆమె పెట్టిన పేర్లు."

మంగళ ఇంకేమీ అడగలేదు. "మనిషిని పరిగెత్తిస్తున్నాను. వాటర్ ట్యాంక్ దాకా నాలుగు నిమిషాలు."

పదకొండూ యాభై ఆరు. ప్లాంట్ లోపలికి కార్లు రానివ్వరు. గేటు దాకా నడిచి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, పాస్ ఇచ్చి పోవాలి. వాళ్ళిద్దరూ ఆ పాటికి గేటు దగ్గరికి వచ్చేసి ఉంటారు. అతను గోడకున్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఊడబెరికి గాజు తలుపు ముందు నిలబడ్డాడు. ఒక్క దెబ్బ చాలు. తలుపు నుంచి గేటుకు అర కిలోమీటరు. పరిగెత్తితే అందుకోవచ్చు. తిరిగొచ్చి బటన్ నొక్కడానికి మాత్రం టైం ఉండదు.

తలుపు వైపు చూశాడు. స్క్రీన్ వైపు చూశాడు. ఇనుప సీసాను నెమ్మదిగా, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు, నేలమీద పెట్టాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

పదకొండూ యాభై ఏడూ నలభై. దూరంగా ఒక చప్పుడు. పలక మీద పలక వేసినట్టు, అంతే.

ఇంకా రెండు నిమిషాల ఇరవై సెకన్లు ఉన్నాయి. ఆ సేపంతా అతను కుర్చీలోంచి లేవలేదు. మౌస్ లోగో మీద పెట్టి, కళ్ళలో నీళ్ళకు అంకెలు అలుక్కుపోతుంటే రెప్పలు ఆర్పుకుంటూ కూర్చున్నాడు. పన్నెండుకు ఏడు సెకన్లు ఉందనగా నొక్కాడు.

గోడ మీది బోర్డులో దీపాలు వరసగా పచ్చబడ్డాయి. ఎక్కడో లోతుగా, వాల్వులు బిగుసుకున్న చప్పుడు.

"వెంకట్రామ్?" మంగళ గొంతు. "వెంకట్రామ్, మాట్లాడు."

"మూసుకుంది" అన్నాడు.

* * *

గేటు దగ్గర వాల్టర్ చేతులకు బేడీలతో బోర్లా పడి ఉన్నాడు. సెంథిల్ వాటర్ ట్యాంక్ మెట్లు దిగి వచ్చాడు. మంచి కుర్రాడే, పని బాగా చేశానన్న తృప్తి ముఖంలో ఉంది.

"ముడిచ్చాచు సార్, పనైపోయింది. ఒకే షాట్. నీలి చీర. మీరు చెప్పినట్టే."

వెంకట్రామ్ అతన్ని దాటుకుని ముందుకు నడిచాడు. వాడు తన మాటే విన్నాడు.

వాచ్‌మన్ టేబుల్ మీద రిజిస్టర్ తెరిచే ఉంది. చివరి లైను ఆమె చేతిరాత. పేరు, మిస్ కలైసెల్వి. వచ్చిన పని, సాఫ్ట్‌వేర్ సరిచెయ్యడం.

పేరు అబద్ధం. పని నిజం.

అతను ఆమె పక్కన నేలమీద కూర్చుని, చీర కొంగు సరిచేసి, మంగళ మనుషులు వచ్చి లేపేదాకా లేవలేదు.

సాయంత్రం మంగళ బల్ల మీద మూడు పేజీల స్టేట్‌మెంట్ పెట్టాడు. కొలంబో, లిస్ట్-1, లిస్ట్-2, పేర్లు ఎవరు పెట్టారు, ఎంక్వయిరీలో ఎవరు నోరు మూసుకున్నారు, ఇవాళ 'నీలి చీర' అన్నది ఎవరు. మంగళ రెండుసార్లు చదివింది.

"ఇది ఇస్తే నీ ఉద్యోగం పోతుంది."

"తెలుసు మేడమ్."

"నాలుగేళ్ళు ఆలస్యంగా ఇస్తున్నావు."

"అదీ తెలుసు."

* * *

నెల తరవాత, ఉద్యోగం లేని వెంకట్రామ్ వ్యాసర్పాడిలో ఆదిలక్ష్మి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఇత్తడి ఫలకం. రహస్య ఆపరేషన్ గనక పేరు వెయ్యలేదు. 'విశిష్ట సేవకు' అని మాత్రం ఉంది.

ఆమె అతన్ని లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. అతను గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాడు, కొడుకు సంగతీ కూతురి సంగతీ, ఒక్కటీ దాచకుండా. ఆమె అంతా విన్నది. తరవాత ఫలకం తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఏమని రాసుండాది దీని మింద?"

"విశిష్ట సేవకు అని, అత్తా."

"అంటే?"

అతను ఫలకం మీది అక్షరాలను మళ్ళీ చదివాడు.

"ఎవురిదో లేదు, ఏం చేసిందో లేదు. చీటీ లేని డబ్బా మాదిరి ఉండాది" అంది ఆదిలక్ష్మి. లోపలికి పోయి, క్యాలెండర్ కాగితం చించి, పెన్ను తెచ్చింది. "నాకు రాసిపెట్టే బిడ్డను నువ్వే పోగొట్టినావు. ఇంక నువ్వే రాయి."

"ఏమని రాయను?"

"ఆ పిల్ల ఏం చేసిందో అది రాయి. పొడుగైనా పర్వాలేదు."

వెంకట్రామ్ గడప మీద కూర్చుని రాశాడు. 'రంజని. మనలిలో ట్యాంకు తెరవనివ్వలేదు. ఇంటికి రావాలనుకుంది.' చెయ్యి నొవ్వలేదు.

ఆమె గిన్నెలోంచి నాలుగు అన్నం మెతుకులు తీసి, కాగితం వెనక మెదిపి, ఇత్తడి మీద అంటించి, బొటనవేలితో నాలుగు మూలలా ఒత్తింది. వంటింటి అరలో 'చారుకు'కూ 'చుట్టాలొస్తేనే'కూ మధ్య చోటు చేసి నిలబెట్టింది.

ఆ ఆపరేషన్ ఫైల్‌ను డిపార్ట్‌మెంట్ మూడు తాళాల వెనక, ఉక్కు బీరువాలో దాచింది. దాని మీద పేరు కోబాల్ట్-ఫైనల్-2. అందులో ఉన్న రహస్యం మొత్తం వ్యాసర్పాడి వంటింట్లో బహిరంగంగా అంటించి ఉంది గానీ, ఇంతవరకూ ఏ దేశపు గూఢచారీ చారుపొడి కోసం ఆ అర దాకా రాలేదు.